బండి అద్దెది, బాధ్యత మీది

సొంత బండి కొన్నాక వెళ్దాం అనుకుంటున్నారా? అయితే మీరు ఇంకో అయిదేళ్లు ఇంట్లోనే ఉంటారు.

కటువుగా ఉన్నా ఇది నిజం. మంగళగిరిలో పొద్దున ఎనిమిదిన్నరకు హైవే సర్వీస్ రోడ్డు పక్క టీ కొట్టు దగ్గర నిలబడండి. ఎయిమ్స్‌లో డ్యూటీకి వెళ్లేవాళ్లు, ఐటీ టవర్‌కు వెళ్లేవాళ్లు, అమరావతి సైట్లకు వెళ్లేవాళ్లు అందరూ కనిపిస్తారు. వాళ్లలో సగం మంది ఫోన్లలో లద్దాఖ్ వీడియోలు సేవ్ అయి ఉంటాయి. కొందరి ఫోన్లలో నేపాల్, ఇంకొందరి ఫోన్లలో వియత్నాం కొండదారులు. వెళ్లినవాళ్లు మాత్రం చాలా తక్కువ. ఎందుకని అడిగితే ఒకటే జవాబు: "ముందు మంచి బండి కొనాలి సార్."

కొనక్కర్లేదు. అద్దెకు తీసుకోండి.

కొండదారులకు పనికొచ్చే హిమాలయన్ 450 కొనాలంటే ఆన్‌రోడ్ మూడు లక్షలు దాటుతుంది. దానికి ఈఎంఐ. ఈఎంఐ కోసం ఓవర్‌టైమ్. ఓవర్‌టైమ్ వల్ల సెలవు లేదు. బండి షెడ్డులో, మీరు ఆఫీసులో! అద్దెకైతే నాలుగు రోజులకు తీసుకుని, అయిదో రోజు తాళం ఇచ్చేసి పనిలోకి వెళ్లిపోవచ్చు. "బండి లేదు" అనే సాకు ఒక్క దెబ్బకు పోతుంది. సాకు పోయినప్పుడే మనిషి కదులుతాడు.

ఇంకో సంగతి ఉంది. నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే. సొంత బండికి గీత పడితే మన డబ్బు, మన గోల. అద్దె బండి మనది కాదు. మనది కాని వస్తువును మన వస్తువు కంటే జాగ్రత్తగా చూసుకోవడం చాలా పెద్ద అలవాటు. ఆఫీసులో కంపెనీ డబ్బు ఖర్చు పెట్టేటప్పుడు, ఊళ్లో ఉమ్మడి బావి దగ్గర, అద్దె ఇంట్లో ఉన్నప్పుడు పనికొచ్చే అలవాటు. అద్దె బండి మీద నాలుగు రోజులు కొండల్లో తిరిగిన మనిషికి అది వంటపడుతుంది. ఎవరికైనా పడుతుంది. మీకూ పడుతుంది.

ముందు మీ సైజు తెలుసుకోండి

బండి అంటే అందం కాదు. మీ కాలు నేలకు ఆనాలి. అంతే.

హీరో ఎక్స్‌పల్స్ 200, హిమాలయన్ 450 రెండింటికీ సీటు ఎత్తు 825 మిల్లీమీటర్లు. పాత హిమాలయన్ 411కి 800. మీరు అయిదడుగుల నాలుగంగుళాలు ఉంటే ఆ 25 మిల్లీమీటర్ల తేడా చిన్నది కాదు. వాలులో ఆగినప్పుడు కాలు అందక బండి ఒరిగిపోతుంది. బరువు కూడా చూడండి. హిమాలయన్ 450 బరువు 196 కిలోలు. ఎక్స్‌పల్స్ దానికంటే సుమారు 40 కిలోలు తేలిక. మొదటిసారి వెళ్లేవాళ్లకు నా సలహా ఒక్కటే: తేలిక బండి తీసుకోండి. హైవే మీద కాస్త నెమ్మదిగా పోతారు, పోనివ్వండి. బురదలో దిగబడినప్పుడు ఆ నలభై కిలోలు మీ పక్షాన ఉంటాయి.

ఈ రెండు రకాల బండ్లకూ ముందు చక్రం 21 అంగుళాలు. గుంతలోకి దిగి సులువుగా పైకెక్కడానికే అంత పెద్ద చక్రం. నేలకూ ఇంజిన్‌కూ మధ్య కనీసం 220 మిల్లీమీటర్ల ఖాళీ ఉంటుంది. చిన్న రాళ్లు తగలవు. మీ ఇంట్లో ఉన్న 100 సీసీ బండి కూడా అరకు ఎక్కుతుంది, ఆ మాట నిజమే. కానీ తారు దిగి డొంకలోకి తిరిగిన క్షణం నుంచి ఆ పెద్ద చక్రం విలువ తెలుస్తుంది.

అమ్మాయిలూ, ఇది మీకు కూడా. "అంత బరువు నీవల్ల కాదు" అనే మాట వినగానే నమ్మేయకండి. పడిన బండిని ఎత్తడానికి కావలసింది కండ కాదు, పద్ధతి. అది ఇప్పుడే చెబుతాను.

డెల్టాయే మీ ట్రైనింగ్ స్కూలు

కొండకు వెళ్లేముందు కాలువ గట్టుకు వెళ్లండి.

మనకు దొరికిన అదృష్టం చూడండి. మంగళగిరి చుట్టుపక్కల చాలా రకాల నేలలు ఉన్నాయి. రాజధాని ప్రాంతంలో గ్రావెల్ రోడ్లు. తెనాలి వైపు కాలువ గట్లు, పొలాల మధ్య డొంకలు. కొండవీడు కోటకు ఎక్కే ఘాట్ రోడ్డు. కాస్త దూరం పోతే దివిసీమలో ఇసుక. ఇన్ని రకాలు ఒక్కచోట దొరకడం తక్కువ.

ఒక ఆదివారం పొద్దున్నే గ్రావెల్ మీద మొదలుపెట్టండి. ఫుట్‌పెగ్స్ మీద నిలబడండి. సరిగ్గా విన్నారు, నిలబడాలి. పాదం ముందు భాగం పెగ్ మీద, మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టండి, మోచేతులు కొంచెం బయటికి. హ్యాండిల్‌ను కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకోండి. బండి మీ కింద అటూ ఇటూ ఊగుతుంది. ఊగనివ్వండి. కొత్తవాళ్లు చేసే పని ఒకటే, భయపడి హ్యాండిల్‌ను బిగించేస్తారు. బిగిస్తే చేతులు నొప్పి, బండికి ఊపిరాడదు, చివరికి ఇద్దరూ కింద.

చూపు దూరంగా. ముందు చక్రం వైపు చూస్తే గుంతలోకే పోతారు. కళ్లు ఎటు పోతే బండి అటు పోతుంది. కావాలంటే పరీక్షించండి: గట్టు మీద ఒక రాయిని తదేకంగా చూస్తూ నడపండి, ఆ రాయి మీదికే వెళ్తారు.

తరవాత నల్లరేగడి. వాన పడిన మర్నాడు రేగడి డొంకలోకి బండి దించితే ఏమవుతుందో మన రైతులందరికీ తెలుసు. బురద టైరుకు పట్టుకుని, మడ్‌గార్డు కింద గట్టిపడి, చక్రం తిరగడం ఆగిపోతుంది. ఇంజిన్ అరుస్తుంది, బండి కదలదు. అప్పుడు రేజ్ చేయకండి, క్లచ్ కాలిపోతుంది. కాలిన వాసన వస్తే అప్పటికే ఆలస్యమైందని అర్థం. దిగండి. కర్రపుల్ల తీసుకుని మడ్‌గార్డు కింద బురద గీకండి. మళ్లీ ఎక్కండి. ఒకసారి ఇలా గీకిన మనిషి రెండోసారి వాన మబ్బు చూసే దారి ఎంచుకుంటాడు. అడిగి తెలుసుకోవడం కూడా అప్పుడే మొదలవుతుంది: "బాబాయ్, ఈ డొంక ముందుకు పోతుందా?" గట్టు మీద గేదెలు కాసే పెద్దాయనకు ఏ మ్యాప్‌కూ తెలియని సంగతులు తెలుసు.

ఇసుకకు దివిసీమ వెళ్లండి. అవనిగడ్డ దాటి హంసలదీవి, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోటు. ఇసుకలో బ్రేకు శత్రువు. బరువు వెనక్కి, థ్రాటిల్ నిలకడగా, మధ్యలో ఆగొద్దు. నాగాయలంక దగ్గర ఎదురుమొండి వెళ్లాలంటే పంటు ఎక్కాలి. బండిని పంటు మీదికి ఎక్కించడం, కిక్కిరిసిన జనం మధ్య స్టాండు వేసి పట్టుకుని నిలబడడం, అవతలి ఒడ్డున ఏటవాలు మీద దింపడం కూడా పాఠాలే. రేపు ఏ దేశంలో ఏ నది దాటాలన్నా ఇదే పని. మన ఊళ్లోనే నేర్చుకుంటే అక్కడ చేతులు వణకవు.

ఇప్పుడు ఆ పద్ధతి. ఆఫ్‌రోడ్‌లో బండి పడుతుంది. మీరూ పడతారు. అవమానం ఏమీ లేదు. పడ్డాక చేసే పనుల వరుస ఇది:

1. ముందు మీరు లేవండి. ఒళ్లు చూసుకోండి. బండి ఎక్కడికీ పోదు.
2. ఇంజిన్ ఆపండి. గేరు వేసి ఉంచండి, జారదు.
3. కుడివైపు పడితే, ఎత్తక ముందే సైడ్‌స్టాండ్ బయటికి లాగి పెట్టండి. లేకపోతే ఎత్తిన ఊపులో అటువైపు పడుతుంది.
4. హ్యాండిల్‌ను నేలవైపుకు పూర్తిగా తిప్పండి. సీటుకు వీపు ఆనించి కూర్చున్నట్టు వంగండి. ఒక చెయ్యి హ్యాండిల్ గ్రిప్ మీద, ఇంకో చెయ్యి వెనక గ్రాబ్ రైల్ మీద.
5. నడుముతో కాదు, తొడల బలంతో నెడుతూ చిన్న చిన్న అడుగులతో వెనక్కి నడవండి.

ఖాళీ గడ్డి మీద బండిని కావాలని పడుకోబెట్టి, ఎత్తి చూసుకోండి. అద్దె బండితో కాదు, స్నేహితుడి పాత బండితో. చేతకాదనుకున్న పని చేతిలోకి వచ్చిన ఆ నిమిషంలో మీ ముఖం మీరే చూసుకోవాలి!

పంక్చర్ సంగతి కూడా అంతే. విజయవాడ ఆటోనగర్‌లో ఒక పూట గడపండి. మెకానిక్ పక్కన కూర్చుని, చైన్ ఎలా బిగిస్తాడు, క్లచ్ కేబుల్ ఎలా మారుస్తాడు, ట్యూబ్ ఎలా తీస్తాడు చూడండి. "అన్నా, నేను చేస్తా, చూసి చెప్పు" అనండి. చాలామంది సంతోషంగా నేర్పుతారు. అడగడానికి మొహమాటపడేవాళ్లే నేర్చుకోలేరు.

తాళం తీసుకునే పావుగంట

చాలామంది ఇక్కడ తొందరపడతారు. అద్దె షాపులో సంతకం, తాళం, సెల్ఫీ, బయటికి. వద్దు. ఈ పావుగంట మీదే మీ నాలుగు రోజులు ఆధారపడి ఉన్నాయి.

నంబరు ప్లేటు చూడండి. సెల్ఫ్ డ్రైవ్ అద్దె బండికి నల్ల ప్లేటు మీద పసుపు అక్షరాలు ఉండాలి. మోటార్ సైకిళ్లు అద్దెకిచ్చే స్కీమ్ మన దేశంలో 1997 నుంచి ఉంది, లైసెన్సు ఉన్నవాళ్లే ఇవ్వాలి. తెల్ల ప్లేటు బండిని ఎవరైనా తక్కువ రేటుకు ఇస్తానంటే నమస్కారం పెట్టి వచ్చేయండి. సొంత వాడకానికి చేసిన ఇన్సూరెన్సు అద్దెకు తిప్పిన బండికి అక్కరకు రాకపోవచ్చు. ప్రమాదం జరిగిన రోజు ఆ మిగిలిన రెండొందలు మిమ్మల్ని కాపాడవు.

ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్, పర్మిట్ తీసుకుని తేదీలు చదవండి. రాష్ట్రం దాటొచ్చా అని నోరు తెరిచి అడగండి. చింతూరు దాటితే ఛత్తీస్‌గఢ్, అరకు దాటితే ఒడిశా. ఆనందంలో సరిహద్దు దాటేశాక పర్మిట్ లేదని తెలిస్తే చాలా ఇబ్బంది.

తర్వాత బండి చుట్టూ నడవండి. ఫోన్‌లో వీడియో తీయండి, షాపతను కనిపించేలా, మాట వినిపించేలా: "ఇక్కడ గీత ఉంది, ఈ ఇండికేటర్ విరిగి ఉంది." మర్యాదగా చెప్పండి. అతనికీ మంచిదే. టైరు గాళ్లు చూడండి, గోరు దిగాలి. చైన్ వేలాడుతోందేమో. రెండు బ్రేకులూ విడివిడిగా నొక్కి చూడండి. క్లచ్, బ్రేకు లీవర్లు వంగి ఉన్నాయా? స్పేర్ ట్యూబు, టూల్‌కిట్ ఉన్నాయా? వీధి చివరి వరకు నడిపి, ఆగి, మళ్లీ రండి. తేడాగా ఉంటే ఇంకో బండి అడగండి. గొంతు పెంచక్కర్లేదు. "ఇది వద్దండీ, ఇంకోటి చూపించండి." ఈ ఒక్క వాక్యం హాయిగా చెప్పగలిగినవాళ్లు జీతం పెంచమని కూడా హాయిగా అడగగలరు. రెండూ ఒకే కండరం.

హెల్మెట్ మాత్రం అద్దెకు తీసుకోవద్దు. ఐఎస్ఐ మార్కు ఉన్న ఫుల్‌ఫేస్ హెల్మెట్, మోకాలి గార్డులు, చీలమండ కప్పే బూట్లు సొంతంగా కొనుక్కోండి. అద్దె హెల్మెట్ ఎన్నిసార్లు కింద పడిందో మీకు తెలియదు.

516ఈ మీద నాలుగు రోజులు

ఇప్పుడు అసలు దారి. లద్దాఖ్ తరవాత. మొదట మన కొండలు.

మంగళగిరి నుంచి తెల్లారకముందే బయలుదేరండి. వారధి దాటి, హనుమాన్ జంక్షన్, ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగా రాజమండ్రి సుమారు 170 కిలోమీటర్లు. ఈ ముక్క గురించి చెప్పడానికేమీ లేదు. లారీల మధ్య ఓపిగ్గా, లైన్ తప్పకుండా వెళ్లడమే. రాజమండ్రి నుంచి జాతీయ రహదారి 516ఈ మొదలవుతుంది. రంపచోడవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి, కొయ్యూరు, కృష్ణదేవిపేట, లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు మీదుగా విజయనగరం దాకా.

ఆ పేర్లు మళ్లీ చదవండి. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారు. 23న కృష్ణదేవిపేట. 24న రాజవొమ్మంగి. వరసగా మూడు రోజులు, మూడు స్టేషన్లు. అప్పుడు ఇక్కడ ఈ రహదారి లేదు. కొండలు, అడవి, వాన నెల. మీరు అదే దారిలో ఎదురు దిశలో వెళ్తున్నారు, కింద తారు రోడ్డుతో, చేతిలో ఫోన్‌తో. కృష్ణదేవిపేటలో ఆయన సమాధి దగ్గర బండి ఆపండి. ఆయన 1924 మే 7న చనిపోయే నాటికి ఇంకా ముప్పై నిండలేదు. మీ వయసెంత? ఆ ప్రశ్న వేసుకుని కాసేపు అక్కడే కూర్చోండి.

మొదటి రాత్రి రంపచోడవరం పక్క నుంచి లోపలికి పోయి మారేడుమిల్లిలో ఆగండి. బొంగు చికెన్ తినండి. మర్నాడు జలపాతాలు చూసి, చింతూరు వైపు ఘాట్ కాసేపు ఎక్కి, వెనక్కి తిరగండి. ఆ ఘాట్ మలుపులు చాలా దగ్గర దగ్గరగా ఉంటాయి. దిగేటప్పుడు న్యూట్రల్ అసలు వద్దు. రెండో గేరులో ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు వేడెక్కదు. ఎక్కే బండికి దారి ఇవ్వడం రూలు. ఆర్టీసీ బస్సు మలుపు తిరగాలంటే రోడ్డంతా కావాలి. హారన్ వినపడగానే ఎడమకు ఒదిగి ఆగిపోండి. పోటీ పడకండి. గుడిసె కొండ మీద పచ్చిక చూడాలనుకుంటే ముందు అటవీశాఖ వాళ్లను అనుమతి అడగండి.

పెట్రోలు ఒక క్రమశిక్షణ. ఏజెన్సీలోకి దిగే ముందు ఫుల్ ట్యాంక్. హిమాలయన్ 450కి 17 లీటర్లు పడుతుంది, ఎక్స్‌పల్స్‌కి 13. సగానికి తగ్గగానే కనిపించిన మొదటి బంకులో కొట్టించండి. "ముందు ఇంకోటి ఉంటుందిలే" అనేది ఈ దారిలో చాలా ఖరీదైన ఆలోచన.

నగదు ఉంచుకోండి. సిగ్నల్ లేనిచోట ఫోన్ పే పనిచేయదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. 108 నంబరు ఎలాగూ తెలుసు. జాతీయ రహదారి మీద సాయానికి 1033 కూడా గుర్తుంచుకోండి.

లంబసింగికి డిసెంబరు, జనవరి నెలల్లో వెళ్తే చలి నిజంగా చలే. డెల్టావాళ్లమైన మనకు అది అలవాటు లేదు. చేతి గ్లౌజులు లేకపోతే తెల్లవారుజామున క్లచ్ పట్టుకునే వేళ్లు మొద్దుబారతాయి. పొగమంచులో హైబీమ్ వేయకండి, తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు. లోబీమ్, నెమ్మది, ఎడమ అంచు. ఇంకా కనిపించకపోతే ఆగిపోయి టీ తాగండి. సూర్యుడు ఎలాగూ వస్తాడు.

పాడేరు, అరకు దగ్గర కాఫీ తోటలు. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ, ఆ చెట్లకే పాకిన మిరియాల తీగలు. ఇక్కడే మీ వ్యక్తిత్వానికి పరీక్ష. దారి ఉంది కదా అని తోటలోకి బండి పోనివ్వకండి. అది ఒకరి జీవనం. గూడెంలోకి వెళ్లేముందు ఇంజిన్ శబ్దం తగ్గించండి, పిల్లలు, మేకలు, కోళ్లు అడ్డంగా వస్తాయి. ఫోటో తీసేముందు అడగండి. సంతలో పసుపో, చింతపండో కొంటే బేరం ఆడకండి. మీరు అక్కడ అతిథి. అతిథికి ఉండాల్సిన మర్యాద హెల్మెట్ తీసి, ముఖం చూపించి, పలకరించడంతో మొదలవుతుంది. హెల్మెట్ లోంచి అరిచి దారి అడిగేవాడికీ, దిగి అడిగేవాడికీ వచ్చే జవాబు ఒకేలా ఉండదు.

రోజుకు ఎంత దూరం? కొండల్లో 120 నుంచి 150 కిలోమీటర్లు చాలు. సాయంత్రం అయిదుకల్లా బస చేరాలి. చీకట్లో ఘాట్ వద్దు. ఈ ఒక్క రూలుకు మినహాయింపు లేదు. ఆలస్యమైతే ప్లాన్ మార్చండి, ఉన్న ఊళ్లోనే ఆగండి. ప్లాన్ మార్చుకోగలగడం బలహీనత అనుకునేవాళ్లు చాలామంది. అది పట్టు విడవడం కాదు, తెలివి.

ఇంట్లో ఎలా చెప్పాలి

చాలా ట్రిప్పులు కొండ మీద కాదు, వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోతాయి.

"ఎందుకు నాన్నా ఈ సాహసాలు? బస్సులో పోరాదూ?"

అమ్మతో వాదించకండి. ఆవిడ అడుగుతున్నది బస్సు గురించి కాదు, మీరు క్షేమంగా వస్తారా అని. దానికి జవాబు ఇవ్వండి. "అమ్మా, రోజూ ఆరు లోపు ఫోన్ చేస్తా. ఇదిగో ప్రతి రాత్రీ నేనుండే లాడ్జిల నంబర్లు. చీకటి పడ్డాక బండి నడపను." కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. తర్వాత ఆ మాట మీద నిలబడండి. మొదటి రోజు ఆరుకు ఫోన్ వస్తే రెండో రోజు ఆవిడ ధైర్యంగా ఉంటుంది. రెండో ట్రిప్పుకు ఆవిడే పులిహోర కట్టిస్తుంది. నమ్మకం అడిగితే రాదు, టైముకు ఫోన్ చేస్తే వస్తుంది.

పెళ్లయినవాళ్లు, ఈ సంభాషణ టికెట్లు, బుకింగ్‌లు అయ్యాక కాదు, ముందే చేయండి. వీలైతే ఇద్దరూ కలిసి వెళ్లండి, ఒకే బండి మీద కాకుండా రెండు బండ్ల మీద.

కొండలు దాటి

516ఈ పూర్తిచేశాక మీకు ఒక ధైర్యం వస్తుంది. అప్పుడు దూరం చూడండి.

లద్దాఖ్ వెళ్తే బండి లేహ్‌లోనే తీసుకోండి. మనాలీ నుంచో, ఢిల్లీ నుంచో తెచ్చిన అద్దె బండిని ఖార్దుంగ్ లా, నుబ్రా, పాంగాంగ్ వైపు తిప్పడానికి అక్కడి అద్దె బండ్ల సంఘం ఒప్పుకోదు. అది వాళ్ల బతుకు తెరువు. గౌరవించండి. లేహ్ సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది, మనం సముద్రమట్టం దగ్గరి మనుషులం. దిగిన మొదటి రెండు రోజులు బండి ముట్టుకోకుండా పడుకోండి, నీళ్లు తాగండి. ఖార్దుంగ్ లా 5,359 మీటర్లు. తలనొప్పి, వాంతి మొదలైతే కిందికి దిగడమే మందు. సంకల్ప బలంతో ఆక్సిజన్ పెరగదు.

నేపాల్ సులువు. మనకు వీసా అక్కర్లేదు, మన లైసెన్సు చెల్లుతుంది, ఎడమవైపే నడపాలి. పోఖరాలో బండి తీసుకుని ముస్తాంగ్ వైపు పోవచ్చు. రాళ్లు, వాగులు, ధూళి, అంతా మీరు డొంకల్లో నేర్చుకున్నదే. వాగు వస్తే ముందు దిగి నడిచి చూడండి. నడవలేని నీళ్లలో బండి దించకూడదు.

వియత్నాం గురించి జాగ్రత్తగా వినండి. హా జాంగ్ కొండదారి చాలామందికి కల. అక్కడ అద్దె బండ్లు బోలెడు, ఇచ్చేవాళ్లు లైసెన్సు పెద్దగా చూడరు. కానీ మన ఆర్టీవో ఆఫీసు ఇచ్చే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ 1949 జెనీవా ఒప్పందం కిందది. వియత్నాం గుర్తించేది 1968 వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్లను. అంటే అక్కడ మీరు లైసెన్సు లేకుండా నడుపుతున్నట్టే. ప్రమాదం జరిగితే ట్రావెల్ ఇన్సూరెన్సు కంపెనీ చేతులెత్తేయడానికి అదొక్కటి చాలు. పైగా అక్కడ కుడివైపు నడపాలి. "అందరూ నడుపుతున్నారు కదా" అనేది వాదన కాదు. మంచి దారి ఉంది: స్థానిక రైడర్ నడుపుతుంటే వెనక కూర్చుని వెళ్లండి. అక్కడ అది మామూలే. కొండలు అంతే అందంగా కనిపిస్తాయి, చేతులు ఖాళీగా ఉంటాయి కాబట్టి ఇంకా బాగా కనిపిస్తాయి. వేరే దేశాలకైతే పర్మిట్ చెల్లుతుందో లేదో ఆ దేశం రూలు చూసుకుని, ముందే అప్లై చేయండి. ఏడాది చెల్లుతుంది.

రాత్రి పది నిమిషాలు

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరారు. పదిహేను నెలలకు పైగా తిరిగారు. ఎక్కడ దారి బాగుంది, ఎక్కడ నీళ్లు దొరుకుతాయి, ఎక్కడ ఏ సరుకులు దొరుకుతాయి, మనుషులు ఎలా ఉన్నారు అన్నీ రాసుకున్నారు. ఆయన కాశీయాత్ర చరిత్ర 1838లో అచ్చయింది. ఆ దారుల గురించి ఈ రోజుకీ మనకు తెలుస్తోందంటే కారణం ఆ అలవాటే.

మీరూ రాయండి. వీడియో తీస్తున్నాం కదా అనకండి. వీడియోలో కొండ ఉంటుంది, మీ ఆలోచన ఉండదు. లాడ్జికి చేరాక, స్నానం చేశాక, పది నిమిషాలు. ఎన్ని కిలోమీటర్లు, పెట్రోలు ఎంత, ఎక్కడ భయమేసింది, ఎవరు సాయం చేశారు, ఏ నిర్ణయం సరిగ్గా తీసుకున్నారు. ముఖ్యంగా ఆఖరిది. రోజంతా మీరు వందల చిన్న నిర్ణయాలు తీసుకుంటారు: ఈ గుంత ఎడమనా కుడినా, ఇక్కడ ఆగాలా సాగాలా, ఇతన్ని నమ్మాలా వద్దా. ఆఫీసులో ఒక మెయిల్‌కు జవాబివ్వడానికి మూడు రోజులు తర్జనభర్జన పడే మనిషి, ఇక్కడ అర క్షణంలో నిర్ణయించి ముందుకు పోతున్నాడు. ఆ మనిషీ మీరే. అది కాగితం మీద కనిపించాలి.

బండి తిరిగి ఇచ్చేటప్పుడు కడిగించి ఇవ్వండి. కొత్త గీత పడి ఉంటే అతను కనిపెట్టకముందే మీరే చూపించండి. డబ్బు కట్టండి. రసీదు తీసుకోండి. చైన్ వదులైందనో, వెనక బ్రేకు తగ్గిందనో గమనిస్తే చెప్పండి, తరవాత ఆ బండి ఎక్కేవాడు మీకు తెలియకపోయినా సరే.

ఇప్పుడు ఈ రాత్రికి చేయాల్సిన పని చిన్నది. మీ డ్రైవింగ్ లైసెన్సు తీసి చూడండి. అందులో గేరు ఉన్న మోటార్ సైకిల్ క్లాసు ఉందా? గడువు ఎప్పుడు ముగుస్తుంది? లేకపోతే రేపే స్లాట్ బుక్ చేయండి. ఉంటే క్యాలెండర్ తెరిచి, నవంబరు నుంచి జనవరి మధ్య వరసగా నాలుగు రోజులు గుర్తు పెట్టి, సెలవు చీటీ రేపు పొద్దున్నే పంపండి.